గోడలు నిలిచాయి, నీళ్ల సంగతేంటి? మాంచెస్టర్ విక్టోరియా బాత్స్

మాంచెస్టర్‌లో చదువుకున్న తెలుగు విద్యార్థులకు రషోమ్ బాగా తెలిసిన పేట. బిర్యానీ, కబాబ్ హోటళ్లు వరసగా ఉండే ఆ వీధిని అక్కడ కర్రీ మైల్ అంటారు. అక్కడి నుంచి నగరంలోని పెద్దాసుపత్రి వైపు నడిచి హాథర్‌సేజ్ రోడ్‌లోకి తిరిగితే ఒక విచిత్రమైన కట్టడం కనబడుతుంది. గోడలు ఎర్ర ఇటుకవి, వాటి మధ్య లేత పసుపు టెర్రకోట (కాల్చిన మట్టి) పట్టీలు, పైన గడియారపు బురుజు. చూడగానే చర్చి అనో, పాత కాలేజీ అనో అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే మూడు వేర్వేరు వాకిళ్లు, ఒక్కో వాకిలి మీద చెక్కిన అక్షరాలు: ‘పురుషులు, ఫస్ట్ క్లాస్’, ‘పురుషులు, సెకండ్ క్లాస్’, ‘స్త్రీలు’.

ఇదే విక్టోరియా బాత్స్. 1906 సెప్టెంబర్ 7న మొదలైన ఈ మునిసిపల్ ఈతశాలను ప్రారంభోత్సవం నాడే నగర మేయర్ జలప్రాసాదం అన్నారు. 1993లో ఇది మూతపడింది. 2003లో ప్రజలు ఓట్లేసి మరీ దీన్ని కాపాడుకున్నారు. మన కాలంలో బ్రిటన్‌లో జరిగిన కట్టడ పరిరక్షణ ఉద్యమాల్లో ఇంత పేరు తెచ్చుకున్నవి కొన్నే. అయినా ఇక్కడ రోజూ ఈత కొట్టే వీలు ఇంకా తిరిగి రాలేదు. పాత ఈత కొలనులను కాపాడటంలో ఉన్న అసలు చిక్కు ఇదే. కట్టడాన్ని నిలబెట్టడం వేరు, అది దేనికోసం కట్టారో ఆ పని నిలబెట్టడం వేరు. మొదటిదానికి చట్టాలున్నాయి, నిధులున్నాయి, నిపుణులున్నారు. రెండోదాన్ని పట్టించుకునే నాథుడు అరుదు.

ఈత కన్నా ముందు స్నానం

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పురపాలక సంఘాలు స్నానశాలలు కట్టింది సరదా కోసం కాదు, రోగాల భయంతో. 1832లో లివర్‌పూల్‌ను కలరా చుట్టుముట్టినప్పుడు కిట్టీ విల్కిన్సన్ అనే పేదింటి మహిళ తన ఇంట్లోని వేణ్నీళ్ల బాయిలర్‌ను ఇరుగుపొరుగుకు ఇచ్చి, రోగుల బట్టలూ దుప్పట్లూ ఉతికించింది. ఆ చిన్న ప్రయత్నం నుంచే 1842లో లివర్‌పూల్‌లో పబ్లిక్ స్నానశాల, చాకిరేవు వచ్చాయి. 1846లో పార్లమెంటు చట్టం చేసి, ఇంటి పన్నుల సొమ్ముతో స్నానశాలలు కట్టుకునే అధికారాన్ని పట్టణాలకు ఇచ్చింది. పేదలకు చన్నీళ్ల స్నానం ఒక పెన్నీకి, వేణ్నీళ్ల స్నానం రెండు పెన్నీలకు మించకూడదని ధర కూడా ఆ చట్టంలోనే రాశారు. ఒకటి రెండు పెన్నీలకే ఒళ్లు శుభ్రం చేసుకునే హక్కు అది. కప్పు వేసిన ఈత కొలనులను ప్రోత్సహించిన సవరణ 1878లో వచ్చింది. అప్పటి నుంచి స్నానశాలల్లో ఈతకు పెద్దపీట వేశారు.

మాంచెస్టర్ అప్పటికే ప్రపంచపు నూలు రాజధాని. స్వదేశీ ఉద్యమం నాటికి ‘మాంచెస్టర్ గుడ్డ’ అన్న మాట తెలుగు ఊళ్లకూ చేరింది. మన మగ్గాలను మూలపడేసిన మిల్లు బట్ట అదే. ఆ మిల్లుల్లో పనిచేసినవాళ్ల బతుకు మాత్రం ఆ బట్టంత తెల్లగా లేదు. ఇరుకు ఇళ్లు, బొగ్గు పొగ, ఇంట్లో స్నానాలగది అన్న మాటే లేదు. వారానికోసారి మునిసిపల్ స్నానశాలకు వెళ్లి, ఒక తొట్టి, ఒక సబ్బు ముక్క, ఒక తువాలు అద్దెకు తీసుకుని ఒళ్లు కడుక్కోవడమే చాలామందికి తెలిసిన స్నానం. విక్టోరియా బాత్స్‌లో కొలనులతో పాటు ఇలాంటి తొట్టి స్నానాల గదులు కూడా కట్టింది అందుకే.

ఆ అవసరానికి నాలుగు గోడలు, ఒక కప్పు సరిపోయేవి. మాంచెస్టర్ అక్కడితో ఆగలేదు. నగర వాస్తుశిల్పిగా నియమితుడైన హెన్రీ ప్రైస్ చేతికి ఈ పని వచ్చాక, మామూలు స్నానశాలకు అయ్యే ఖర్చుకు రెండింతలకు పైగా, సుమారు 59,000 పౌండ్లు పెట్టారు. ఫస్ట్ క్లాస్ వాకిలిలోకి అడుగు పెడితే ఆ డబ్బు ఎక్కడికి పోయిందో కళ్లకు కనబడుతుంది. నేల మీద చేపల బొమ్మల మొజాయిక్, నేల నుంచి పైదాకా గోడలకు నిగనిగలాడే ఆకుపచ్చ పలకలు. వాటి వెంట పైకి పోయే మెట్లు, మెట్ల పక్కన అదే రంగు పింగాణీ కటకటాలు. పైన రంగుటద్దాల కిటికీలు. వేడి గదుల్లో చెమట పట్టించే టర్కిష్ స్నానాల తర్వాత సేదదీరే గదిలో ‘పవిత్రతా దేవదూత’ బొమ్మ ఉన్న కిటికీ ఇప్పటికీ చూపరులను ఆపేస్తుంది. సెకండ్ క్లాస్ వైపు వెళ్తే ఈ సొగసు తగ్గుతుంది. స్త్రీల వైపు ఇంకా తగ్గుతుంది, అక్కడి కొలను మూడింటిలోకీ చిన్నది.

నీళ్ల దారి చూస్తే ఆ కాలపు సమాజమంతా అందులోనే కనబడుతుంది. ఈ భవనానికి సొంత బావి ఉండేది. నీళ్లు వడకట్టి మళ్లీ మళ్లీ వాడే యంత్రాలు రాకముందు కొలనును నింపడం, కొన్నాళ్లు వాడాక ఖాళీ చేయడం ఒక్కటే పద్ధతి. బావి నుంచి వచ్చిన కొత్త నీళ్లు ముందు ఫస్ట్ క్లాస్ మగవాళ్ల కొలనులోకి, వాళ్లు వాడాక సెకండ్ క్లాస్ మగవాళ్ల కొలనులోకి, ఆ తర్వాత ఆడవాళ్ల కొలనులోకి వెళ్లేవి. ఆడవాళ్లకు చేరేసరికి అవి రెండు కొలనులు దాటి వచ్చిన నీళ్లు. ఈ భవనపు అందాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ విషయాన్ని కూడా చెప్పుకోవాలి. వాకిళ్ల మీది అక్షరాలను చెరపకుండా ఉంచడం సరైన పని అనడానికి కూడా ఇదే కారణం. అవి అలంకారం కాదు, సాక్ష్యం.

వాడకంతో వచ్చిన విలువ

కట్టిన తీరు వల్ల ఎంత పేరు వచ్చిందో, వచ్చిన మనుషుల వల్ల అంతకన్నా ఎక్కువ వచ్చింది. మొదటి సూపరింటెండెంట్ రాబ్ డెర్బీషైర్ పేరున్న ఈతగాడు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల చొప్పున నలుగురు ఈదే రిలేలో బంగారు పతకం గెలిచిన బ్రిటన్ జట్టులో ఆయన ఒకడు. టికెట్లు, బాయిలర్లు, నీళ్లు చూసుకునే మునిసిపల్ ఉద్యోగి ఒలింపిక్ విజేత కావడం ఆ రోజుల్లో సాధ్యమైంది.

ఇక్కడ సాధన చేసిన సన్నీ లోరీ 1933లో ఫ్రాన్స్ తీరం నుంచి ఇంగ్లిష్ ఛానెల్ ఈదింది. చలి నీళ్లలో 15 గంటలకు పైగా. తేలిగ్గా ఈదడానికి అనువైన దుస్తులు వేసుకుని మోకాళ్లు కనబడనిచ్చినందుకు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లు ఉన్నారు. నీళ్లు చివరి వంతుగా అందిన ఆడవాళ్ల ప్రపంచం నుంచి వచ్చి ఆమె ఛానెల్ దాటిందన్న సంగతి మరవకూడదు. తర్వాత ఆమె ఎన్నో ఏళ్ల పాటు పిల్లలకు, పెద్దలకు ఈత నేర్పింది.

1914లో ఆడామగా కలిసి ఈదే వేళలు మొదలయ్యాయి. క్రమంగా ఆ వాకిళ్లు గీసిన తేడాలు చెరిగాయి. ఫస్ట్ క్లాస్ కొలనులో గాలా అనే ఈత పోటీలు జరిగేవి కాబట్టి దానికి గాలా పూల్ అన్న పేరు స్థిరపడింది. చలికాలంలో ఈతకు జనం తగ్గితే కొలను మీద చెక్క పలకలు పరిచి డాన్సులు పెట్టేవాళ్లు. 1952లో ఏరోటోన్ అనే యంత్రపు తొట్టి వచ్చింది. మనిషి మెడ దాకా వేణ్నీళ్లలో కూర్చుంటే కింద నుంచీ పక్కల నుంచీ గాలి బుడగలు జోరుగా కొట్టి కండరాల నొప్పులు తగ్గించేవి. ఇప్పటి జకూజీలకు అది ముందుతరం. ఒక్క మాటలో చెప్పాలంటే, ఎనభై ఏళ్లకు పైగా ఈ భవనం ప్రతి తరానికి తగ్గట్టు పని మార్చుకుంది. దీన్ని 1906 నాటి రూపంలోకి తీసుకుపోవాలి అనేవాళ్లకు ఇదే జవాబు. ఏరోటోన్‌నూ, తర్వాత పెట్టిన క్రీడా ఏర్పాట్లనూ తీసేస్తే ఇక్కడి చరిత్రలో సగం చెరిగిపోతుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్లలోనే స్నానాల గదులు వచ్చాయి, తొట్టి స్నానాల అవసరం పోయింది. ఈత ఒక్కటే మిగిలింది. మూడు కొలనులు, టర్కిష్ గదులు, పాత బాయిలర్లు ఉన్న భవనాన్ని ఈత టికెట్ల రాబడితో నడపడం ఏ లెక్కన చూసినా కుదరదు. స్త్రీల కొలను మీద నేల పరిచి ఆటల హాలుగా మార్చారు. మరమ్మతుల బిల్లు పెరిగింది, కౌన్సిల్ బడ్జెట్ తగ్గింది. 1993 మార్చిలో తలుపులు మూశారు. స్థానికులు వీధికెక్కి అడ్డుకోబోయారు, కుదరలేదు. అదే ఏడాది విక్టోరియా బాత్స్ ట్రస్టు ఏర్పాటైంది. కొద్ది ఏళ్లకే, 2002 కామన్‌వెల్త్ క్రీడల కోసం నగరం ఆధునికమైన అక్వాటిక్స్ సెంటర్ కట్టుకుంది. పాత కొలనుకు డబ్బు లేదన్న నగరమే కొత్తదానికి డబ్బు తెచ్చుకుంది. ఇందులో అన్యాయం ఉందని ఆ పేటవాళ్లకు అనిపించడం సహజం. కౌన్సిల్ వాదన కూడా తోసిపుచ్చేది కాదు. అంతర్జాతీయ పోటీలకు పనికొచ్చే పొడవైన కొలను ఆ పాత గోడల మధ్య పట్టదు.

ఖాళీ కొలను ఎందుకు త్వరగా చెడుతుంది

మూసేసిన ఈతశాలలు మిగతా పాత కట్టడాల కన్నా త్వరగా పాడవుతాయి. దీనికి కారణాలు అవి పనిచేసిన రోజుల్లోనే మొదలవుతాయి. వెచ్చని కొలను మీద గాలి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఆ చెమ్మతో పాటు క్లోరిన్ సమ్మేళనాలు పైకి లేచి, చల్లగా ఉన్న కప్పును తాకి నీరుగా మారి ఇనుప దూలాల మీద, బోల్టుల మీద కూర్చుంటాయి. ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బితే చుట్టూ ఉన్న ఇటుక చిట్లుతుంది. వేడి, గాలి ఆడటం, ఏటా వేసే రంగు ఉన్నంతకాలం ఈ రోగం అదుపులో ఉంటుంది. మూసేసిన రోజు నుంచి మూడూ ఆగిపోతాయి.

పలకలు వేసిన గోడది ఇంకో కథ. నిగనిగలాడే పింగాణీ పూత నీళ్లను బయటికి పోనివ్వదు. కప్పు అంచున వాన నీటిని తీసుకుపోయే గట్టర్ మూసుకుపోయి వాన నీరు గోడ లోపలికి దిగితే, అది పలక వెనకే చిక్కుకుంటుంది. చలికాలంలో గడ్డకట్టి పలకను తోసేస్తుంది. ఒక పలక రాలితే పక్కదానికి పట్టు తగ్గుతుంది. పోయిన పలకకు బదులు అదే రంగు, అదే మెరుపు ఉన్నది కావాలంటే కొలిమిలో మళ్లీ మళ్లీ కాల్చి చూసుకోవాల్సిందే. బజారులో దొరికేది కాదు. కొలను తొట్టి కూడా లోపల నీళ్ల బరువుకు తగ్గట్టు కట్టినది. ఏళ్ల తరబడి ఎండిపోతే అతుకులు విచ్చుకుంటాయి, మళ్లీ నింపిన రోజున ఎక్కడెక్కడ కారుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అందుకే ట్రస్టు వాళ్లు తొలి ఏళ్లలో చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఎవరికీ కనబడనిది: కప్పు కారకుండా చూడటం, గట్టర్లు శుభ్రం చేయడం, కావలి కాయడం. పరిరక్షణ అంటే రిబ్బన్ కత్తిరించే రోజు కాదు, వాన పడ్డ రాత్రి ఎవరు వెళ్లి చూశారన్నది.

2003లో బీబీసీ ఒక కార్యక్రమం పెట్టింది. శిథిలమవుతున్న 30 కట్టడాలను చూపించి, దేన్ని కాపాడాలో ప్రేక్షకులనే ఫోన్‌లో ఓటేయమంది. కోటలు, భవంతులు, చర్చిల మధ్య విక్టోరియా బాత్స్ గెలిచింది. లాటరీ హెరిటేజ్ నిధి, ఫోన్ కాల్స్ సొమ్ము కలిపి 30 లక్షల పౌండ్లకు పైగా దక్కింది. జమీందారీ భవనాల మీద మామూలు జనం ఈతశాల గెలవడం చిన్న విషయం కాదు. ఓటేసినవాళ్లలో చాలామంది ఏదో ఒక మునిసిపల్ కొలనులో ఈత నేర్చుకున్నవాళ్లే అయ్యుండాలి. కోటలో బతికిన జ్ఞాపకం ఎందరికి ఉంటుంది?

అయితే ఓట్లతో వచ్చిన డబ్బుకు ఒక లోపం ఉంది. టీవీలో గెలిచింది కాబట్టి పని అయిపోయిందనే అభిప్రాయం జనంలో పడిపోతుంది. నిజానికి ఆ సొమ్ము మొత్తం అవసరంలో కొంత భాగం మాత్రమే. ఈలోగా నిర్మాణ ఖర్చులు పెరిగాయి, మరిన్ని నిధులు వెతకాల్సి వచ్చింది, అసలు పని మొదలయ్యేసరికి 2007 వచ్చింది. ఆ మొదటి దశలో ముందువైపు గోడలు, కప్పు, ఫస్ట్ క్లాస్ హాలు బాగుచేశారు. ఆ తర్వాత దశలవారీగా గాలా పూల్ కప్పు, రంగుటద్దాల కిటికీలు. ఇప్పటికీ భవనం నగర కౌన్సిల్‌దే, నడిపేది ట్రస్టు, పనిలో పెద్ద వాటా స్వచ్ఛంద కార్యకర్తలది. పెళ్లిళ్లు, సంతలు, సినిమా, టీవీ షూటింగులు, భవనం చూపించే రోజులు: రాబడి వీటి నుంచే. ఎండిన గాలా పూల్ అడుగున విందు బల్లలు వేసి పెళ్లి భోజనాలు పెడతారు. ఏటవాలుగా లోతయ్యే నేల మీద కుర్చీలు, రెండు వైపులా బట్టలు మార్చుకునే పాత గదుల చారల తెరలు. ఫొటోలకు చాలా బాగుంటుంది. ఆ డబ్బే కప్పును నిలబెడుతోంది కాబట్టి తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. మధ్య మధ్యలో కొన్ని ప్రత్యేకమైన రోజుల్లో నీళ్లు నింపి ఈతకు టికెట్లు అమ్మారు కూడా.

పారిస్‌లో వేరే దారి తొక్కారు. 1929లో తెరిచిన మోలితోర్ కొలను 1989లో మూతపడింది. మరుసటి ఏడాదే చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది, అయినా పాతికేళ్ల పాటు గోడల నిండా గ్రాఫిటీతో పడి ఉంది. చివరికి పాత కట్టడాన్ని చాలావరకు పడగొట్టి, అదే రూపంలో మళ్లీ కట్టి 2014లో తెరిచారు. నీళ్లున్నాయి, పసుపు రంగు గోడలున్నాయి, నీలం తలుపులున్నాయి. అది ఇప్పుడు ఖరీదైన హోటల్. ఒకప్పుడు పారిస్ జనం టికెట్ కొనుక్కుని దూకిన కొలనులో ఈదాలంటే ఇప్పుడు హోటల్ గది తీసుకోవాలి, లేదా మామూలు జీతగాడికి అందని సభ్యత్వం కట్టాలి. మాంచెస్టర్‌లో గోడలు అసలువి, నీళ్లు లేవు. పారిస్‌లో నీళ్లున్నాయి, గోడలు కొత్తవి, జనం లేరు. రెండింటిలో ఏది నయమంటే మాంచెస్టరే. గోడలు అసలువి అయి, తలుపు జనానికి తెరిచి ఉంటే నీళ్లు ఎప్పటికైనా తిరిగి రావచ్చు. ఒకసారి ప్రైవేటు సభ్యత్వంగా మారిన కొలను మళ్లీ మునిసిపల్ టికెట్‌కు దిగిరావడం దాదాపు జరగని పని.

మూడో దారి కూడా ఉంది. బర్మింగ్‌హామ్‌లోని మోజ్లీ రోడ్ బాత్స్ 1907 నాటిది, విక్టోరియా బాత్స్ కన్నా ఒక్క ఏడాది చిన్నది. అక్కడా కౌన్సిల్ చేతులెత్తేసింది. కానీ ఈత పూర్తిగా ఆగిపోకముందే స్థానికులు పూనుకుని, 2018 నుంచి తామే కొలను నడపడం మొదలుపెట్టారు. పెద్ద కొలను అలాగే మూసి ఉన్నా చిన్న కొలనులో ఈత సాగింది. బాయిలర్ వెలుగుతున్న భవనానికి డబ్బు అడగడం తేలిక, ఆరిపోయినదాన్ని వెలిగించడానికి అడగడం కష్టం. ఇరవై ఏళ్లకు పైగా జరిగిన మాంచెస్టర్ పోరాటం పక్కన దీన్ని పెట్టి చూస్తే, మూసే ముందు దొరికే ఆ కొద్ది నెలలు ఎంత విలువైనవో తెలుస్తుంది. బ్రిటన్ కట్టడాల చట్టం ఆ నెలల్లో ఏమీ చేయజాలదు. జాబితాలో ఎక్కిన భవనాన్ని పడగొట్టకుండా, రూపం మార్చకుండా అది ఆపగలదు. నీళ్లు తోడెయ్యకుండా ఆపజాలదు. విక్టోరియా బాత్స్ మూతపడిన నాటికే రక్షిత కట్టడాల జాబితాలో ఉంది.

గాలా పూల్‌లో రోజువారీ ఈత మళ్లీ మొదలుపెట్టాలంటే డబ్బు ఒక్కటే అడ్డు కాదు. కొత్త వడపోత యంత్రాలు, వేడిచేసే ఏర్పాట్లు, గాలి మార్పిడి గొట్టాలు కావాలి. అవి ఎక్కడ పెట్టినా పాత గోడకో, కప్పుకో కన్నం పడుతుంది. అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న కొలను పక్కనే బారులు తీరిన ఆ చిన్న గదులది. తెర లాగేసి బట్టలు మార్చుకుని నేరుగా నీళ్లలోకి దిగే ఆ ఏర్పాటు ఈ హాలుకు ప్రాణం. చక్రాల కుర్చీ అందులో పట్టదు, చంటిపిల్లతో వచ్చిన తల్లికి అందులో తిరగడానికి చోటు ఉండదు. స్త్రీలను చివరి నీళ్లకు పరిమితం చేసిన భవనాన్ని మళ్లీ తెరిచేటప్పుడు ఇంకెవరినో గుమ్మం బయట నిలబెట్టడం తగదు. కొన్ని గదుల మధ్య అడ్డు పలకలు తీసి వెడల్పు చేయాలి, మిగతావి అలాగే ఉంచాలి. ఏవి తీయాలో, ఎన్ని ఉంచాలో పరిరక్షణ అధికారులు, ట్రస్టు, ఈతకు వచ్చే పేటవాళ్లు కలిసి కూర్చుని తేల్చుకోవాలి.